మూడో గేరులో గాంధారం

మా కారుకు ఇంజను చప్పుడు లేదు. విజయవాడ బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర నిలబడితే బండి ఆగిపోయిందేమో అన్న అనుమానం వచ్చేంత మెత్తటి ఇంజను. సెకండ్‌హ్యాండ్‌లో అమ్మినాయన ఈ ఒక్క విషయంలోనే నిజం చెప్పాడు. ఇంజను చెయ్యని ఆ చప్పుడంతా కొన్నాళ్లపాటు మాకు స్పీకర్లలోంచి వినిపించింది.

కారుతో పాటు వచ్చిన స్టీరియో మామూలుది. ముందు తలుపుల్లో రెండు స్పీకర్లు. పాట వచ్చేది, మాట తెలిసేది, ఇంట్లో ఎవరికీ దానిమీద ఫిర్యాదు లేదు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి మా బావమరిది వచ్చాడు. సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తాడు కాబట్టి హార్డ్‌వేర్ మీద గట్టి అభిప్రాయాలున్నవాడు. ముందు సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని, ఒక పాట పూర్తిగా విని, "బావా, ఇందులో లో ఎండ్ లేదు" అన్నాడు. వెనక సీట్లోంచి మా ఆవిడ నావైపు చూసింది. మా ఇంట్లో ఏమేం లేవో పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ దగ్గర ఒక జాబితా ఉంది. లో ఎండ్ అందులో చేరిపోయింది.

లో ఎండ్ అంటే మంద్రస్వరాల గుమ్ మోత అనీ, అది డబ్బిచ్చి కొనుక్కునే వస్తువేననీ మర్నాడు తెలిసింది. కారు యాక్సెసరీస్ షాపాయన కాగితం మీద లెక్క రాశాడు. కొత్త డెక్కు, ఆంప్లిఫయరు, పన్నెండంగుళాల వూఫరు, బ్యాటరీ నుంచి లావుపాటి ఎర్ర వైరు, పొట్టి నల్ల వైరు, డెక్కు నుంచి ఆంప్లిఫయరుకు పాట మోసుకెళ్లే పిన్ను వైర్లు. సాయంత్రానికల్లా బిగించేశారు. డిక్కీలో రైతుబజారు సంచులు పెట్టుకునే చోట వూఫరు కూర్చుంది. ఆ రోజు నుంచి మా ఆనపకాయలు వెనక సీట్లో, మా అత్తగారి పక్కన ప్రయాణం చేస్తున్నాయి.

ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం సగం తిప్పి ఘంటసాల పాట పెట్టాం. అద్భుతం. బావమరిది తొడమీద తాళం వేశాడు. మా ఆవిడ కూడా ఏమీ అనలేదు, అదే ఆవిడ మెచ్చుకోలు. ఇక బయల్దేరదామని ఇంజను స్టార్ట్ చేశాను. ఘంటసాల వెనక ఎవరో "కుయ్‌య్‌య్" అని అందుకున్నారు. యాక్సిలరేటర్ తొక్కితే ఆ కుయ్ పైకి లేచింది. కాలు తీస్తే దిగింది. పాట ఆపేశాను. ఘంటసాల ఆగాడు, రెండోవాడు ఆగలేదు.

షాపు కుర్రాడు తల కిటికీలోంచి లోపలికి పెట్టి విన్నాడు. "కొత్త కదా సార్, రన్నింగ్‌లో సెట్టయిపోద్ది" అన్నాడు. కొత్త చెప్పుల దగ్గర్నుంచి కొత్త అల్లుడి దాకా మనవాళ్లు దేనికైనా ఇచ్చే హామీ ఇదే. చెప్పుల విషయంలో మాత్రం నిజం.

తర్వాత కొద్దిరోజులకు ఉయ్యూరులో పెళ్లి. మా మామగారు ముందు సీట్లో కూర్చున్నారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్నారు. బాలమురళీకృష్ణ గారు విజయవాడ రేడియోలో ఉన్న రోజుల్లో భక్తిరంజని వింటూ పళ్లు తోముకున్న తరం. అందువల్ల శ్రుతి తప్పితే పళ్లు జివ్వుమంటాయంటారు. స్పీకర్లలో ఆ కుయ్ మొదలవగానే ఆయన ముఖం ముడుచుకుంది. తిడతారనుకున్నాను.

"అల్లుడుగారూ, పాట ఆపండి. దాన్ని మాత్రం ఉండనివ్వండి" అన్నారు.

ఉండనిచ్చాను. దాన్ని తీసేసే ఉపాయం ఎలాగూ నా దగ్గర లేదు.

"ఇప్పుడు మీటరు ఎంతలో ఉంది?"

"ఎనిమిది వందల ఆర్పీఎం అండీ."

"ఇది షడ్జమం అనుకుందాం. ఇప్పుడు ఏసీ వెయ్యండి."

ఏసీ వేస్తే బరువు మోయడానికి ఇంజను కాస్త వేగం పెంచుకుంటుంది. ముల్లు తొమ్మిది వందలకు లేచింది. మామగారు చూపుడువేలు ఎత్తి, "చతుశ్రుతి రిషభం" అన్నారు. ఎనిమిదికి తొమ్మిది. ఆయనలో లెక్కల మాస్టారూ వయొలిన్ విద్యార్థీ ఒకేసారి నిద్ర లేచారు. వెయ్యి దగ్గర పట్టి ఉంచమన్నారు. నాలుగుకు అయిదు, అంతర గాంధారం. పన్నెండు వందలు. రెండుకు మూడు, పంచమం. పదహారు వందలు, పై షడ్జమం. నిష్పత్తులు మీటరు మీద అచ్చు గుద్దినట్టు సరిపోతున్నాయి. మధ్యమం దగ్గర మాత్రం ఇబ్బంది వచ్చింది. దానికి 1067 కావాలి. మీటరు మీద అలాంటి గీత లేదు, కాలితో వెతుక్కోవాలి. నేను వెతికాను. పైకీ కిందికీ వెతికాను. "మీ కాలికి శ్రుతిజ్ఞానం తక్కువ" అన్నారు మామగారు. మా వెనక ఆగిన ఆర్టీసీ బస్సు డ్రైవరు తన స్వరం తాను కలిపాడు.

బందరు రోడ్డెక్కి మూడో గేరులో నలభైలో వెళ్తుంటే ముల్లు రెండు వేల దగ్గర నిలిచింది. "తారస్థాయి గాంధారం!" అని మామగారు సీట్లో ముందుకు వంగారు. గేరు మార్చేటప్పుడు క్లచ్ దగ్గర స్వరం జారి కిందికి వచ్చి మళ్లీ ఎక్కింది. అది గమకమా అపస్వరమా అన్న విషయం మీద పెనమలూరులో మొదలైన చర్చ ఉయ్యూరు దాకా తేలలేదు. వెనక అత్తగారు, మా ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నారు. పెళ్లిలో నాదస్వరం మీద మామగారి దృష్టి నిలవలేదు. తిరుగు ప్రయాణం ఎప్పుడని రెండో పంక్తిలోనే అడిగారు.

ఆయనది ముచ్చటే కావచ్చు గానీ రోగమేమిటో అందులోనే తేలిపోయింది. కారు స్పీకర్లలో వినపడే గోల ఒకటే జాతి కాదు. ఇంజను వేగంతో పాటు శ్రుతి పెరిగి తగ్గేది ఒకటి. అది బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ పాడే పాట. టిక్కుటిక్కుమంటూ వేగంతో పాటు జోరందుకునేది మరొకటి, అది స్పార్క్ ప్లగ్గులది. ఇంజను ఏం చేసినా తనకు పట్టనట్టు ఒకే తీరుగా "స్‌స్‌స్" అనేది ఆంప్లిఫయరు సొంత ఊపిరి. ఏది ఏదో తెలియకుండా షాపుకు వెళ్తే అన్నింటికీ ఒకే మందు అమ్ముతారు. ఆ మందు ఎప్పుడూ ఇంకో డబ్బా రూపంలోనే ఉంటుంది.

మన మెకానిక్కులు చాలామంది ఇప్పటికీ డైనమో అనే పిలిచే ఆ ఆల్టర్నేటర్ ఇంజనుకు బెల్టుతో ముడిపడి, దానికంటే రెండున్నర మూడింతల వేగంతో తిరుగుతుంది. అది పుట్టించేది ఏసీ కరెంటు, అదీ మూడు ఫేజులు. బ్యాటరీకి కావలసింది డీసీ. మధ్యలో ఆరు డయోడ్లు కూర్చుని ఏసీని డీసీగా మారుస్తాయి. అయితే ఆ డీసీ ఇస్త్రీ చేసినంత నున్నగా ఉండదు, మీద చిన్న చిన్న ముడతలు మిగులుతాయి. మూడింతల లెక్కనే తీసుకుంటే, ఎనిమిది వందల ఆర్పీఎం దగ్గర ఆల్టర్నేటర్ నిమిషానికి 2400 చుట్లు, అంటే సెకనుకు నలభై చుట్లు తిరుగుతుంది. మామూలుగా ఉండే పన్నెండు ధ్రువాల ఆల్టర్నేటర్ అయితే చుట్టుకు ముప్పయ్యారు ముడతలు. వెరసి సెకనుకు 1440. అది చెవికి చక్కగా ఆనే కీచు స్వరం. లైట్లు వేస్తే ఆల్టర్నేటర్ మీద భారం పెరిగి ముడతలు లోతవుతాయి, కీచు గట్టిపడుతుంది. మా ఇంట్లో దీనికి సాక్ష్యం ఉంది. రాత్రిపూట కచేరీ బాగుంటుందని మామగారు సాయంత్రం దాటాకే షికారుకు బయల్దేరేవారు.

కారులో పాట అన్న కోరిక ఎంత పాతదో ఈ గోల కూడా అంతే పాతది. 1930లో షికాగోలో పాల్ గాల్విన్ తన చిన్న కంపెనీలో కారు రేడియో తయారు చేయించి, సొంత కారులో బిగించుకుని, అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సమావేశం జరుగుతుంటే బయట నిలబెట్టి పాటలు వినిపించాడు. లోపల దుకాణం పెట్టుకునేందుకు ఆయనకు చోటు లేదు. ఆ రేడియోకు పెట్టిన మోటరోలా అన్న పేరే తర్వాత కంపెనీకీ వచ్చింది. అప్పటివాళ్లకు పాట వినిపించడం కన్నా ఇంజనును నోరు మూయించడమే కష్టమైన పని. ఎందుకో ఆలోచించండి. 1887లో హెర్ట్జ్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో రేడియో తరంగాలను పుట్టించింది నిప్పురవ్వతోనే. మన ఇంజనులో అలాంటి రవ్వలు కొట్టే ప్లగ్గులు నాలుగున్నాయి. మూడు వేల ఆర్పీఎం దగ్గర అవి సెకనుకు మొత్తం వంద రవ్వలు కొడతాయి. అంటే బానెట్ కింద లైసెన్సు లేని ప్రసార కేంద్రమొకటి నడుస్తోందన్నమాట. దానికి శ్రోతలు మనమే.

1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రాన్ని మామగారు ఈనాటికీ 837 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్‌లోనే వింటారు. మీడియం వేవ్‌లో పాట తరంగం ఎత్తు మీద ఎక్కి వస్తుంది, రవ్వల గోల కూడా ఆ ఎత్తు మీదే దెబ్బ కొడుతుంది. ఇక రేడియోకు ఎవరిది ఏదో విడదీసే దారి లేదు. ఈ తలనొప్పి పడలేకే ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇంజనీరు ఎఫ్ఎం కనిపెట్టి 1933లో పేటెంట్లు పొందాడు. ఎత్తుతో పని లేకుండా కంపనాల సంఖ్య మార్పులో పాటను పంపే పద్ధతి. ఎఫ్ఎం పెట్టుకోండి మామయ్యగారూ, శుభ్రంగా ఉంటుంది అని చెప్పి చూశాను. "శుభ్రంగా ఉంటుంది. వినేందుకేముంటుంది?" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను.

ఇక సలహాలు మొదలయ్యాయి. అత్తగారు దుర్గమ్మ కొండ కింద వాహన పూజ సరిగ్గా జరగలేదన్నారు. నిమ్మకాయలు నాలుగు టైర్ల కిందా పెట్టాం గానీ వూఫరుకు పెట్టలేదు, నిజమే. బావమరిది హైదరాబాదు వెళ్లి అక్కడి నుంచి కొరియర్లు పంపడం మొదలుపెట్టాడు. మొదట గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ వచ్చింది. అగ్గిపెట్టెంత డబ్బా, లోపల రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు. పిన్ను వైర్ల మధ్య తగిలిస్తే డెక్కుకూ ఆంప్లిఫయరుకూ మధ్య రాగి బంధం తెగిపోయి, పాట మాత్రం అయస్కాంత మార్గాన అవతలికి దూకుతుంది. కీచు నిజంగానే తగ్గింది. దానితో పాటు వూఫరు గుమ్మనడం కూడా తగ్గింది. అంత చిన్న ట్రాన్స్‌ఫార్మర్ లావుపాటి మంద్రస్వరాలను మోయలేదు. లో ఎండ్ లేదని వేలు పోసి కొన్నది, కొన్న లో ఎండ్‌ను మింగడానికి మరో డబ్బా. ఆ లెక్క మా ఆవిడ నోటితో చెప్పలేదు, చూపుతో చెప్పింది.

తర్వాత కెపాసిటర్ వచ్చింది. మరచెంబంత ఉంటుంది. ఒక ఫారడ్‌ట. మీద నీలం అంకెలు వెలుగుతూ వోల్టేజీ చూపిస్తాయి. ఇంజను ఆగి ఉంటే పన్నెండున్నర, నడుస్తుంటే పద్నాలుగు పైచిలుకు. వూఫరు ఒక్కసారిగా కరెంటు గుంజినప్పుడు ఆసరాగా ఉండడానికి అది పనికొస్తుందేమో గానీ కీచుతో దానికి పెద్దగా సంబంధం లేదు. పైగా అది ఉండేది డిక్కీలో. ఆ అంకెలు చూసే భాగ్యం స్టెప్నీ టైరుకు తప్ప ఎవరికీ లేదు. ఆ తర్వాత ఖరీదైన పిన్ను వైర్లు వచ్చాయి. ఆక్సిజన్ లేని రాగితో చేశారని పెట్టె మీద రాసి ఉంది. మా షాపాయన వేసిన పవర్ వైరు సంగతి మాత్రం అప్పుడే బయటపడింది. కొస కత్తిరించి గీకి చూస్తే లోపల తెల్లగా ఉంది. అల్యూమినియం మీద రాగి పూత. ఆక్సిజన్ సంగతి దేవుడెరుగు, పూత తప్ప దాంట్లో రాగే లేదు.

పక్కింట్లో విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరు గారున్నారు. జీవితమంతా సబ్‌స్టేషన్లకు ఎర్త్ పిట్లు తవ్వించినాయన. సమస్య చెప్పాను.

"ఎర్తింగ్ చూశారా?"

"కారుకండీ."

"కారుకేనయ్యా. నాలుగు రబ్బరు టైర్ల మీద నిలబడ్డ దానికి ఎర్త్ ఎక్కడిది? గుంట తవ్వుతావా, బొగ్గూ ఉప్పూ వేస్తావా?" అని నవ్వి, ఆ నవ్వు సగంలో ఆపి, "అసలు కరెంటు తిరిగి ఎటు నుంచి వెళ్తోందో చూడు. మనవాళ్లందరూ వచ్చే దారే చూస్తారు, పోయే దారి చూడరు" అన్నారు.

ఈ కథలో అందరికంటే తెలివైన మాట అదే. కానీ ఆ రోజు నాకు కెపాసిటర్ మీద నమ్మకం ఇంకా పూర్తిగా పోలేదు.

కారులో ఏ బల్బుకైనా, ఏ మోటారుకైనా బ్యాటరీ ప్లస్సు నుంచి వైరు వస్తుంది. తిరుగు దారి మాత్రం కారు ఒళ్లే. బ్యాటరీ మైనస్సును బాడీకి కలిపేస్తారు, ఎక్కడికక్కడ దగ్గర్లో ఉన్న ఇనుముకు మిగతావన్నీ కలుపుతారు. మెకానిక్ భాషలో ఎర్తు కొట్టడం. మా డెక్కు డ్యాష్‌బోర్డు దగ్గర ఎర్తు కొట్టుకుంది. ఆంప్లిఫయరు డిక్కీలో కొట్టుకుంది. రెండూ ఒకే బాడీ కదా, తేడా ఏముంటుందంటారా? మా కృష్ణా డెల్టాలో పొలాలు చూసినవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. పక్కపక్క మడులు రెండు వేర్వేరు చోట్ల ఒకే మురుగు కాలువలోకి నీళ్లు వదులుతుంటాయి. ఒక మడి తూముకు గడ్డి అడ్డం పడితే అక్కడ నీటిమట్టం పెరుగుతుంది. గట్టుకు చిన్న ఎలుక బొరియ ఉంటే చాలు, ఆ నీళ్లు పక్క మడిలోకి పారతాయి. మా కారులో ఆ ఎలుక బొరియ పిన్ను వైరు మీది అల్లిక తొడుగు. ఆంప్లిఫయరు వాడేసిన కరెంటు, ఆల్టర్నేటర్ ముడతలతో సహా, తన తూములోంచి వెళ్లలేక పాట వచ్చే తీగ తొడుగెక్కి డెక్కు వైపు పారుతోంది. పాటలో ముడతలు కలిసిపోతున్నాయి. గ్రౌండ్ లూప్ అని పెద్దమనుషులు పిలిచే రోగం ఇదే.

ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. ఆయన షాపు లారీల సెల్ఫులు, డైనమోలు విప్పే చోటు. కారు పాటల సంగతంటే ఆయనకు చిన్నచూపు. నేను బ్యాంకులో పనిచేస్తానని తెలిసేసరికి ఆసక్తి కలిగింది, కారు మీద కాదు. "మావోడి లోను ఫైలు కదలట్లేదు సార్" అంటూనే బానెట్ ఎత్తాడు. "స్టార్ట్ చెయ్యండి. లైట్లు ఎయ్యండి. జామీను ఎంతమందిది కావాలి సార్?" నేను జామీను గురించి చెబుతుంటే ఆయన ఆంప్లిఫయరు కట్టేసి పిన్ను వైర్లు పీకి, మళ్లీ ఆన్ చేశాడు. కీచు పోయింది. "అంటే ఆంప్లిఫయరు మంచిదే. ఈ వైరు మీంచి వస్తంది. వడ్డీ ఎంత పడద్ది?" కట్టేసి పీకడం ఆయన జాగ్రత్త. కరెంటు ఉండగా పీకితే డెక్కు లోపల ఆ తొడుగుకు ఉండే సన్నటి భాగం కాలిపోవచ్చు, అప్పుడు అసలు రోగానికి కొసరు రోగం తోడవుతుంది.

తర్వాత పొడుగాటి వైరు ఒకటి తెచ్చి, మీటరు ఒక కాలును బ్యాటరీ మైనస్సుకూ రెండోదాన్ని డిక్కీలో ఆంప్లిఫయరు ఎర్తు స్క్రూకూ ఆనించాడు. ఇంజను నడుస్తోంది, వూఫరు దంచుతోంది. రెండు చోట్లా మైనస్సే కాబట్టి మీటరు సున్నా దగ్గరే పడుకోవాలి. పదో వంతు వోల్టు దాటినా అనుమానించాల్సిందే. మాది సగం వోల్టు చూపించింది. ఆయన లోను మాట ఆపేశాడు. "ఎవుడు సార్ ఈ ఎర్తు కొట్టింది?"

ఎవరో కొట్టారు. పొట్టి నల్ల వైరును వెనక సీటు బ్రాకెట్ స్క్రూ కింద పెట్టి బిగించారు. చక్కగా, శుభ్రంగా, కారు రంగు మీద. కింద ఫ్యాక్టరీవాళ్లు పొరలు పొరలుగా వేసిన పెయింటు. పెయింటు కరెంటును పోనివ్వదు. స్క్రూ మరల్లో ఎక్కడో ఇనుము తగిలి కాస్త కరెంటు పోతోంది, మిగిలింది మా మామగారికి స్వరజ్ఞానం పంచుతోంది. ఎలక్ట్రీషియన్ స్క్రూ విప్పాడు. ఉప్పుకాగితం ముక్కతో పెయింటు గీకాడు. తళతళలాడే ఇనుము కనపడింది. కింద పళ్ల వాషర్ వేసి బిగించి, తుప్పు పట్టకుండా పైన కాస్త గ్రీజు రాశాడు. సీటు బెల్టు బోల్టు పక్కనే ఉంది, దాన్ని మాత్రం ముట్టుకోలేదు. కొందరు దానికే ఎర్తు కొడతారని, ప్రాణం నిలబెట్టే బోల్టును పాట కోసం విప్పకూడదని అన్నాడు. మీటరు సున్నాకు దిగింది. పాట పెట్టాం. ఘంటసాల ఒక్కడే పాడాడు.

ఎంతివ్వాలని అడిగితే టీ తాగిద్దురు పదండన్నాడు. టీ అయ్యేదాకా జామీను గురించి మాట్లాడుకున్నాం. ఇస్తానన్న వంద నోటు తీసుకోలేదు, బ్రాంచి పేరు మాత్రం రాసుకున్నాడు. ఆ వంద నోటు తీసుకుని ఉంటే నాకు ఎంతో చవకగా ఉండేదని తర్వాత తెలిసింది.

పెద్ద గోల పోయాక చిన్న గోలలు ఒక్కొక్కటే లేచి నిలబడతాయని ఎవరూ ముందు చెప్పరు. కీచు ఉన్నంతకాలం వినపడని "స్‌స్‌స్" ఇప్పుడు వినపడింది. ఆంప్లిఫయరు మీద గెయిన్ అని ఒక మర ఉంటుంది. షాపు కుర్రాడు దాన్ని చివరిదాకా తిప్పేసి "ఫుల్లు పెట్టాను సార్" అని గర్వంగా చెప్పాడు. అది వాల్యూమ్ కాదు. డెక్కు ఎన్ని వోల్టులు పంపుతుందో ఆంప్లిఫయరుకు చెప్పే మర. డెక్కు రెండు వోల్టులు పంపుతుంటే, మర చివరకు తిప్పి అయిదో వంతు వోల్టుకే పూర్తి బలంతో అరవమంటే, దారిలో కలిసిన ప్రతి చెత్తా పదింతలై వస్తుంది. వెనక్కి తిప్పాను, ఊపిరి తగ్గింది.

అప్పుడు సిగరెట్ లైటర్‌లో పెట్టిన సెల్ చార్జర్ బయటపడింది. ఫోన్‌ను వైరుతో డెక్కుకు కలిపి, అదే ఫోన్‌ను చార్జికి పెడితే అక్కడే మరో చిన్న గ్రౌండ్ లూప్. చార్జర్ పీకితే మాయం. తర్వాత మామగారి బటన్ ఫోన్. 2జీ ఫోను టవర్‌తో మాట్లాడేటప్పుడు సెకనుకు 217 సార్లు ఆగి ఆగి పలుకుతుంది, స్పీకరు వైరు అది పట్టుకుని "టిట్టిట్టి టిట్టిట్టి" అంటుంది. ఫోన్ మోగడానికి ముందే ఫోన్ వస్తోందని మాకు తెలుస్తుంది. అత్తగారు దీన్ని ఆయన సుగుణాల్లో కలిపేశారు. ఆఖరుకు నంబరు ప్లేటు. వూఫరు గుమ్మన్నప్పుడల్లా అది తలుపుకు కొట్టుకుంటోంది. దానికి ఎలక్ట్రీషియన్ అక్కర్లేదు, వెనక నాలుగు రబ్బరు ముక్కలు చాలు. కారు ఆడియోలో సగం జబ్బులకు రబ్బరు, ఉప్పుకాగితం, స్పానరు తప్ప మందు లేదని నా ఘనమైన అభిప్రాయం. ఆ మూడూ కొరియర్‌లో పంపరు.

మామగారు ఆ వారం కారెక్కి, ఇంజను స్టార్ట్ కాగానే చెవి ఒగ్గి విన్నారు. ఏసీ వెయ్యమన్నారు. వేశాను. ముల్లు తొమ్మిది వందలకు లేచింది, రిషభం మాత్రం రాలేదు. "బాగు చేయించారా?" అన్నారు, ఎవరో పోయారా అని అడిగే గొంతుతో. ఉప్పుకాగితం సంగతి చెప్పాను. పెయింటు పూసి మళ్లీ బిగించడం కుదరదా అని ఆయన అడిగినప్పుడు నవ్వులాటకు అన్నారనుకున్నాను. కాదని మా ఆవిడ తర్వాత చెప్పింది.

ఇక కార్లలో ఆంప్లిఫయర్లు బిగించే కుర్రాళ్లకు ఒక మనవి. వైరు కింద పెయింటు గీకండి నాయనా. డెక్కుకూ ఆంప్లిఫయరుకూ వీలైతే ఒకేచోట ఎర్తు కొట్టండి, వైరు పొట్టిగా, లావుగా ఉంచండి. పవర్ వైరు ఒక పక్కనుంచి, పాట వైరు రెండో పక్కనుంచి తీసుకెళ్లండి. గెయిన్ మర చివరిదాకా తిప్పకండి. ఇంజను స్టార్ట్ చేసి, లైట్లు వేసి, పాట ఆపి, ఒక్క నిమిషం వినిపించి అప్పుడే తాళాలివ్వండి. గీకినందుకు బిల్లులో ఉప్పుకాగితం చార్జీ అని వంద రూపాయలు విడిగా వేసుకోండి. నోరెత్తకుండా ఇస్తాం.